యూఎక్స్ డిజైనులో కంటెంటు వ్యూహము

వెబ్‌సైటును గాని, ఫోనులోని యాప్‌ను గాని, బ్యాంకు ఏటీఎమ్ తెరను గాని ఆశ్రయించి తన పని నెరవేర్చుకొనగోరు మనిషికి అచ్చట ఎదురగు మాటలు, అంకెలు, చిత్రములు, శబ్దములు, హెచ్చరికలు మున్నగువాని సముదాయమునకు కంటెంటు అని వ్యవహారము. ఈ సముదాయమున ఏది యుండవలెను, ఏది యుండరాదు, ఉన్నది ఎవరి కొరకు, ఏ క్రమమున, ఎట్టి భాషలో నుండవలెను, దానిని వ్రాయువారెవరు, సరిచూచువారెవరు, కాలము చెల్లిన పిమ్మట తొలగించువారెవరు అను ప్రశ్నలకు పని మొదలిడకమునుపే ఆలోచించి స్థిరపరచుకొన్న సమాధానములన్నియు కలిసి కంటెంటు వ్యూహమగును. వాడువారి అనుభవమును తీర్చిదిద్దు శాస్త్రమునకు యూఎక్స్ డిజైను అని పేరు. ఆ శాస్త్రమున కంటెంటు వ్యూహము ప్రధానాంగము. ఐనను చిరకాలము ఉపేక్షకు గురియైన అంగము.

ఈ ఉపేక్షకు కారణము పని జరుగు క్రమములోనే యున్నది. చిత్రకారుడు తెరపై గళ్లు గీసి, రంగులు నిర్ణయించి, అక్షరముల స్థానమున 'లోరెమ్ ఇప్సమ్' అను అర్థరహితమైన లాటిను పాఠమును నింపి, యజమానికి చూపి, ఒప్పించి, ఆ తరువాత అసలు మాటలను తెమ్మని అడుగుట చాలకాలము సాగిన ఆచారము. ఆ లాటిను పాఠము సిసెరో క్రీ.పూ. 45వ సంవత్సరమున రచించిన తాత్త్విక గ్రంథము నుండి ముక్కలుగా తీసినది. దానికి అర్థము లేకుండుటయే దాని ప్రయోజనము, అదియే దాని దోషము కూడను. అసలు మాటలు వచ్చునప్పటికి శీర్షికకు ఉంచిన చోటు చాలదు, ముఖ్యమైన షరతునకు చోటే యుండదు, చెప్పవలసినదేమియు లేనిచోట మూడు పేరాల ఖాళీ మిగులును. కొలతలు తీసికొనకుండ చొక్కా కుట్టి, ఆ మీదట మనిషిని అందులో ఇరికింపజూచుట వంటి పని యిది. వాడువాడు వచ్చునది గళ్లను చూచుటకు కాదు. రుసుము ఎంత, గడువు ఎప్పుడు, ఏ కాగితములు కావలెను అని తెలిసికొనుటకు. ఆ సమాధానమే డిజైనునకు మూలద్రవ్యమనియు, తక్కినదంతయు దానిని అందించు పాత్రయనియు గ్రహించుటతో కంటెంటు వ్యూహము ఆరంభమగును.

పూర్వచరిత్ర

కంప్యూటరు తెరలు పుట్టకమునుపే ఈ చింతన పుట్టినది. ప్రభుత్వోద్యోగులు ప్రజలకు వ్రాయు లేఖలు ప్రజలకే బోధపడకుండుటను గమనించిన బ్రిటిష్ ఆర్థికశాఖ కోరికపై సర్ ఎర్నెస్టు గవర్సు 1948లో 'ప్లెయిన్ వర్డ్స్' అను చిన్న పుస్తకము వ్రాసెను. 1954లో అది 'ది కంప్లీట్ ప్లెయిన్ వర్డ్స్'గా విస్తృతమై వెలువడినది. 1979లో క్రిస్సీ మాహెర్ అను మహిళ లండనులోని పార్లమెంటు చౌకమున వందలకొలది ప్రభుత్వ పత్రములను బహిరంగముగా చించివేసి ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ అను ఉద్యమమును లేవదీసెను. ఆమె పేద కుటుంబమున పుట్టి, కౌమారమధ్యము వరకు చదువనేర్వక పెరిగినది. అధికారపత్రముల భాష ఎవరిని గుమ్మము బయట నిలబెట్టునో ఆమెకు పుస్తకము చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

అమెరికాలో వాస్తుశిల్పియైన రిచర్డ్ సాల్ వుర్మన్ 1976లో సమాచారమునకును వాస్తువు కావలెనని ప్రతిపాదించి 'ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్టు' అను పేరు వ్యాప్తిలోనికి తెచ్చెను. 1993లో ఆపిల్ సంస్థలో చేరిన డొనాల్డు నార్మన్ తన ఉద్యోగనామములోనే 'యూజర్ ఎక్స్‌పీరియెన్స్' అను మాటను చేర్చుకొనెను. లూయీ రోజెన్‌ఫెల్డ్, పీటర్ మోర్విల్ అను నిరువురు గ్రంథాలయశాస్త్రమును వెబ్‌సైట్లకు అన్వయించి 1998లో ప్రకటించిన గ్రంథము, అట్టపై ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ యుండుటచే ఆ బొమ్మ పేరనే ప్రసిద్ధికెక్కినది. జెస్సీ జేమ్స్ గారెట్ 2000లో గీసి 2002లో గ్రంథముగా విస్తరించిన పటమునందు వినియోగానుభవము ఐదంతరువులుగా నిరూపితమైనది: అడుగున వ్యూహము, దానిపై పరిధి, ఆపై నిర్మాణము, అస్థిపంజరము, అన్నిటికి మీద ఉపరితలము. కంటెంటు అవసరములను ఆతడు రెండవ అంతరువగు పరిధిలో నుంచుట గమనింపదగినది. ఉపరితలమున రంగులు పూయునప్పుడు మాటలను వెదకుకొనువారు మూడంతరువులు ఆలస్యముగా మేల్కొన్నవారని ఆ పటమే చెప్పుచున్నది.

జనులు తెరపై ఎట్లు చదువుదురు అను విషయమై జేకబ్ నీల్సెన్, జాన్ మోర్క్స్ కలిసి జరిపి 1997లో ప్రకటించిన పరిశోధన ఈ చరిత్రలో మైలురాయి. నూరుగురిలో 79 మంది కొత్త పుటను చదువక చూపుతో తడుముచు పోవుదురనియు, మాటమాటయు చదువువారు 16 మందియే యనియు వారు కనుగొనిరి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర యాత్రాస్థలములను గూర్చిన ఒకే సమాచారమును పలు విధములుగా వ్రాసి పరీక్షింపగా, సంక్షిప్తముగాను, చూపుకు అందునట్లు విభక్తముగాను, ప్రశంసాతిశయము లేకుండను వ్రాసిన పాఠము, తొలి పాఠముకంటె 124 శాతము అధికముగా ఉపయోగపడినదని తేలెను. మార్చినది మాటలను, వాని అమరికను మాత్రమే.

'కంటెంట్ స్ట్రాటజీ' అను పేరుతో ఈ విద్యకు ప్రత్యేక ప్రతిపత్తి సిద్ధించుటకు మరికొంత కాలము పట్టెను. ఆన్ రాక్లీ 2002లో పెద్ద సంస్థల పత్రజాలమును ఏకీకరించు పద్ధతిని గూర్చి గ్రంథము ప్రకటించెను. 2007లో రేచెల్ లవింజర్, 2008లో క్రిస్టినా హాల్వర్సన్ వ్రాసిన వ్యాసములు డిజైనర్ల దృష్టిని ఇటు మరల్చినవి. హాల్వర్సన్ గ్రంథము 2009లో వెలువడినది. ఉపయోగకరమును, సులభముగా వాడదగినదియునగు కంటెంటును సృజించుట, ప్రకటించుట, పాలించుట అను మూడింటికిని ముందుచూపుతో చేయు ఏర్పాటు అని ఆమె ఇచ్చిన నిర్వచనసారము. ఈ మూడింటిలో కడపటిదానినే జనులు మరచుచుందురు; నా అభిప్రాయమున దానియందే ఈ విద్యయొక్క ప్రాణము కలదు. ఎరిన్ కిస్సేన్ (2011), కరెన్ మెక్‌గ్రేన్ (2012) మున్నగువారి రచనలు తరువాతివి.

పని జరుగు తీరు

మొదటి పని లెక్క చూచుట. వృత్తిలోనివారు దీనిని ఆడిట్ అందురు. సంస్థకున్న ప్రతి పుటయు ఒక ఎక్సెల్ పట్టికలో ఒక వరుసయగును. పుట చిరునామా, శీర్షిక, వ్రాసిన శాఖ, చివర సరిచూచిన తేదీ, నెలకు ఎందరు చూచుచున్నారు, ఉంచవలెనా, తిరిగి వ్రాయవలెనా, తీసివేయవలెనా అనునవి గడులు. వినుటకు గుమాస్తాపని వలె తోచును. కాని ఒకే రుసుము మూడు పుటలలో మూడు అంకెలుగా నున్నదని, బదిలీయై వెళ్లిన అధికారి ఫోను నంబరు ఇంకను ముందుపుటలోనే యున్నదని, ముగిసిపోయిన పథకమునకు దరఖాస్తు ఫారము ఇప్పటికిని దిగుమతి యగుచున్నదని బయటపడునది ఈ పట్టికలోనే. 'యజమాని' అను గడి ఖాళీగా నున్న వరుసలెన్ని యున్నవో చూచినచో సంస్థయొక్క ఆరోగ్యము తెలియును. పునరుక్తమైనవి, కాలము చెల్లినవి, అల్పమైనవి అని మూడు విధముల పుటలను ఏరివేయుట ఆనవాయితీ. వ్రాయుటకంటె తీసివేయుట కష్టము. ప్రతి పుట వెనుకను దానిని వ్రాయించిన శాఖయొకటి కాపలా కాయుచుండును.

తరువాతిది అవసరముల నిర్ణయము. సంస్థ చెప్పదలచినది ఒకటి, వచ్చినవాడు అడుగుచున్నది మరియొకటి. వెదకుపెట్టెలో జనులు టైపు చేసిన మాటలు, కాల్ సెంటరుకు వచ్చు ప్రశ్నలు, కౌంటరువద్ద గుమాస్తాను అడుగు సందేహములు ఇచ్చట సాక్ష్యములు. 'నేను ఫలానావాడను, నాకు ఫలానాది కావలెను, ఎందుకనగా ఫలానా పని నెరవేరవలెను' అను ముక్కాలి వాక్యముగా ప్రతి అవసరమును వ్రాసికొని, దానికి లొంగని పుటను అడ్డగింతురు. ఆ పిమ్మట నిర్మాణము వచ్చును. అమెరికాలోని నేషనల్ పబ్లిక్ రేడియో 2009 ప్రాంతమున అవలంబించిన 'ఒకసారి వ్రాయుము, అంతటను ప్రకటింపుము' అను విధానమున ప్రతి వార్తయు చిన్న శీర్షిక, పెద్ద శీర్షిక, సంగ్రహము, పాఠము, ధ్వని అని వేర్వేరు గడులలో నిక్షిప్తమగును. కంప్యూటరు తెరకు పెద్ద శీర్షిక, చిన్న ఫోనునకు చిన్న శీర్షిక తామై వెళ్లును. తెర ఎంతదియైనను వాక్యము నడుమ తెగదు.

బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటు

ఈ సిద్ధాంతములన్నియు ఒకచోట ఆచరణలో కనబడిన నిదర్శనము బ్రిటిష్ ప్రభుత్వపు 'గవ్ డాట్ యూకే'. 2010లో మార్తా లేన్ ఫాక్స్ ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, శాఖకొకటిగా పెరిగిన వెబ్‌సైట్లను మెల్లగా బాగుచేయుటకు బదులు సమూలముగా మార్పుమని సూచించెను. దాని ఫలితముగా 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అను విభాగము ఏర్పడెను. 2012 అక్టోబరు 17న కొత్త వెబ్‌సైటు ప్రారంభమై, అంతకుముందున్న డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అను రెండింటిని తొలగించి వాని స్థానమును ఆక్రమించినది. 2014 చివరికి మంత్రిత్వశాఖలతోపాటు 300కు పైగా ప్రభుత్వసంస్థలు అందులో చేరినవి.

ఆ వెబ్‌సైటులో ప్రభుత్వ సెలవుల పుట యొకటి కలదు. సెలవులను గూర్చిన చట్టములు, చరిత్ర, ఉపోద్ఘాతము అచ్చట తలయెత్తవు. పుట తెరచుటతోనే ఆకుపచ్చని గడిలో, పెద్ద అక్షరములతో, రాబోవు సెలవు తేదీ, దాని పేరు కనబడును. దిగువ తక్కిన సెలవుల పట్టిక యుండును. ఇంగ్లండు, వేల్సులకు ఒకటి, స్కాట్లండునకు ఒకటి, ఉత్తర ఐర్లండునకు ఒకటి విడివిడిగా నున్నవి. వచ్చినవాడు రెండు క్షణములలో తన సమాధానము తీసికొని వెళ్లిపోవును. ఈ పుటలో డిజైను ఎక్కడ ముగిసెను, కంటెంటు ఎక్కడ మొదలయ్యెను అని ఎవరును గీత గీయజాలరు.

ఈ పనికి నాయకత్వము వహించిన సారా రిచర్డ్స్ (తరువాత సారా వింటర్స్) 'కంటెంట్ డిజైన్' అను పేరును ప్రచారమునకు తెచ్చెను. వ్రాయువారిని సంపాదకులని గాక కంటెంట్ డిజైనర్లని పిలుచుటలో, వారిని చివర పిలిచి వాక్యదోషములు దిద్దుమనుట కాక, ఆరంభమునుండియు నిర్ణయములలో కూర్చుండబెట్టవలెనను పట్టుదల కలదు. ఒక సమాధానము వాక్యమై యుండవలెనా, పట్టికయై యుండవలెనా, లెక్కకట్టు సాధనమై యుండవలెనా అనుటయు వారి నిర్ణయమే. వారు విధించుకొన్న నియమములు కఠినమైనవి. వాక్యము 25 మాటలు మించరాదు. తొమ్మిదేండ్ల బాలునికి చదువ వీలగునంత సుబోధముగా నుండవలెను. 'తరచుగా అడుగు ప్రశ్నలు' అను విభాగము ఉండనేరాదు, ఏలననగా తరచుగా అడుగునది యైనచో దానిని పుటలో ముందే చెప్పియుండవలెను. ప్రతి పుటను వ్రాసినవారు కాక మరియొకరు చదివినగాని ప్రకటింపరు. శాఖలోని విషయనిపుణులు వాస్తవములను మాత్రము సరిచూతురు. శైలిపై తుదిమాట వారిది కాదు. ఈ అధికారవిభజనమే నాకు అన్నిటికంటె గొప్ప సంస్కారముగా తోచుచున్నది, ఏలననగా స్పష్టమైన వాక్యములు పెక్కు, నిపుణుల బల్లపై పడియే మరల గజిబిజియగుచుండును. 2013లో లండను డిజైన్ మ్యూజియమువారు ఆ సంవత్సరపు ఉత్తమ డిజైను బహుమానమును ఈ వెబ్‌సైటునకు ఇచ్చిరి. దానిలో అలంకారము మిక్కిలి స్వల్పము.

సులభభాష పండితులకు అవమానకరమని కొందరు ఆక్షేపింతురు. ఐనను 2012లో క్రిస్టొఫర్ ట్రూడో న్యాయవాదుల భాషపై ప్రకటించిన అధ్యయనమున 80 శాతము ఎంపికలు సులభవాక్యమునకే దక్కినవి. బ్రిటిష్ ఆరోగ్యసేవ తన శైలీనియమములలో మలమూత్రములకు వైద్యపరిభాషను విడిచి, ఇంటిలో పిల్లలతో పలుకు మాటలనే గ్రహించినది. రోగి వెదకునదియు, గ్రహించునదియు ఆ మాటనే కనుక.

ఒక బటను, ఒక హెచ్చరిక

చిన్న మాటలు చేయు పెద్ద పనికి జేరెడ్ స్పూల్ 2009లో వివరించిన వృత్తాంతము ప్రసిద్ధము. పేరు చెప్పని ఒక పెద్ద ఆన్‌లైను దుకాణమున వస్తువులు ఎన్నుకొన్న పిదప, డబ్బు చెల్లించుటకు ముందు, లాగిన్, రిజిస్టర్ అని రెండు బటనులు గల ఫారము ఎదురగుచుండెను. కొత్తవారికి రిజిస్టరు చేసికొనుట అనవసరపు బంధముగా తోచెను. పాతవారికి ఏ ఈమెయిలుతో చేరితిమో, పాస్‌వర్డ్ ఏదో జ్ఞప్తికి రాకుండెను. రోజుకు 1,60,000 మంది పాస్‌వర్డ్ కొరకు మనవి చేయుచుండిరి; వారిలో 75 శాతము మంది కొనుగోలు పూర్తిచేయకయే మరలిపోయిరి. డిజైనర్లు రిజిస్టర్ బటనును తీసి 'కొనసాగించు' అను బటనునుంచి, కొనుటకు ఖాతా అవసరము లేదనియు, కావలసినచో కొనుగోలు ముగించునప్పుడు తెరచుకొనవచ్చుననియు ప్రక్కన చిన్న సందేశము వ్రాసిరి. కొనుగోలు చేయువారు 45 శాతము పెరిగిరి. మొదటి సంవత్సరమున అదనముగా వచ్చిన రాబడి 30 కోట్ల డాలర్లని స్పూల్ లెక్క.

ఇంతకంటె గంభీరమైనది హవాయి ఉదంతము. 2018 జనవరి 13న ఉదయము 8 గంటల 7 నిమిషములకు ఆ రాష్ట్ర అత్యవసర కార్యాలయమునుండి, క్షిపణి వచ్చుచున్నది, వెంటనే తలదాచుకొనుడు, ఇది అభ్యాసము కాదు అను సందేశము ప్రజల ఫోనులకు చేరెను. క్షిపణి లేదు. అభ్యాసమును నిజమని భ్రమించిన ఉద్యోగి దానిని పంపెను. అది తప్పని అదే మార్గమున చెప్పుటకు 38 నిమిషములు పట్టినది. తల్లిదండ్రులు పిల్లలను స్నానపుగదులలో దాచుకొన్న ఆ కాలమంతయు గడచుటకు ఒక కారణము, పొరపాటున హెచ్చరిక వెళ్లగలదని ఎవరును ఊహింపకుండుటయు, రద్దు చేయుటకు ముందే వ్రాసియుంచిన సందేశము లేకుండుటయు నని అమెరికా సమాచారప్రసార కమిషను విచారణలో తేలెను. పని సజావుగా సాగునప్పటి మాటలను అందరును వ్రాసికొందురు. పని చెడినప్పటి మాటలు, అనగా నెట్‌వర్కు తెగినప్పుడు, చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు, దరఖాస్తు తిరస్కృతమైనప్పుడు వాడువాడు చూడవలసిన వాక్యములు ముందుగానే సిద్ధపరచుట కంటెంటు వ్యూహమున అత్యంత బాధ్యతాయుతమైన భాగము. 'ఏదో లోపము సంభవించినది' అను వాక్యము ఏమియు చెప్పుట లేదు. డబ్బు ఖాతానుండి పోయినదా లేదా, పోయినచో ఎన్ని దినములలో తిరిగివచ్చును, ఇప్పుడు మరల నొక్కవచ్చునా లేదా అను మూడు సంగతులు చెప్పవలెను.

ముందుగా వ్రాసియుంచవలసిన మాటలు ఇంకొకచోటను కలవు. చూపు లేనివారికి తెరను చదివి వినిపించు సాధనములు కలవు. అవి చిత్రమును చూడలేవు, చిత్రమునకు జతపరచిన వివరణమును మాత్రము చదువగలవు. 1999లోను, 2008లోను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమ్ ప్రకటించిన సౌలభ్యనియమములు ఈ వివరణమును విధిగా కోరినవి. దానిని వ్రాయు బాధ్యత ఎవరిదో వ్యూహమున తేలనిచో అది ఎవరును వ్రాయరు.

తెలుగున

తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకసూత్రములు 2009లో వెలువడినవి. ఐనను తెలుగు తెరలు పెక్కు, ఆంగ్లమున సిద్ధమైన చట్రమున కడపట తెలుగు మాటలు పోసినవే. ఫలితము సామాన్యుడు నిత్యము చూచుచున్నదే. ఆంగ్లమున ఖాళీ యుంచి పేరు చేర్చు వాక్యము తెలుగున నిలువదు. 'రమేష్ ఫోటో పంపించాడు', 'లక్ష్మి ఫోటో పంపించింది', 'శర్మగారు ఫోటో పంపించారు' అని క్రియ మనిషిని బట్టి మారును. యంత్రమునకు ఆ మనిషి ఎవరో తెలియదు. బస్సు టికెట్ల యాప్‌లో 'విజయవాడకు', 'తిరుపతికి' అని విభక్తి ఊరి పేరు చివరి అచ్చును బట్టి మారవలసియుండగా, యంత్రము అన్నిటికిని ఒకే ప్రత్యయమును అంటించి 'తిరుపతి కు' అని చూపును. దీనికి మందు అనువాదకుని చేతిలో లేదు. 'ఎక్కే చోటు' అని ఒక గడియు, 'దిగే చోటు' అని ఒక గడియు ఉంచి, ప్రతిదాని క్రింద ఊరి పేరు మాత్రము వ్రాసినచో విభక్తి ప్రసక్తియే రాదు. కాని ఆ నిర్ణయము తెరను గీయునప్పుడే జరుగవలెను. ఆంగ్లాక్షరముల ఎత్తునకు కుదించిన బటనులో వత్తులు తెగిపోవుటయు ఇట్టి ఆలస్యముయొక్క ఫలమే.

మీసేవ కేంద్రములు 2011లో ఆంధ్రప్రదేశమున మొదలై, విభజనానంతరము రెండు రాష్ట్రములందును కొనసాగినవి. అచ్చట కులధ్రువీకరణకో, ఆదాయధ్రువీకరణకో వచ్చిన మనిషి తెరను తాను చూడడు. ఆపరేటరు చూచి, అడిగి, టైపు చేయును. కనుక ఆ తెరకు వాడువారిద్దరు: మీటలు నొక్కునతడు, సమాధానము చెప్పునతడు. ఆపరేటరు గట్టిగా చదివినచో ఎదుటివారికి ప్రశ్న అర్థమగునా అనుటయే అట్టి ఫారమునకు తగిన పరీక్ష. మాటలును ప్రాంతమును బట్టి మారును. సాగుభూమి వివరముల లెక్కను ఆంధ్రప్రదేశమున అడంగల్ అనియు, తెలంగాణమున పహాణీ అనియు రైతులు పిలుతురు. హైదరాబాదులో నుండి కర్నూలు జిల్లా పొలమును గూర్చి విచారించు కుమారుడు ఏ మాట టైపు చేయునో ముందుగా చెప్పలేము. వెదకుపెట్టె రెండు మాటలకును ఒకే పుటను చూపవలెను. ఆ పుటలో మొదటి పంక్తియందే, సర్వే నంబరు తెలియనిచో పట్టాదారు పేరుతో వెదకవచ్చునా లేదా అను సంగతి చెప్పియుండవలెను, ఏలననగా కౌంటరువద్ద రైతు మొట్టమొదట తడబడునది ఆ నంబరు దగ్గరనే.